తుంటి మీద గోప్య వస్త్రం

మా జిల్లా ఆసుపత్రికి ఎదురుగా నాకో జిరాక్సు షాపు ఉంది. ఆ ఆసుపత్రిలో జ్వరం వచ్చిందన్నా ముందు జిరాక్సు అడుగుతారు, మనిషి పోయాడన్నా ముందు జిరాక్సే అడుగుతారు కాబట్టి నా బతుక్కి లోటు లేదు. కనక నేను చెప్పేదాంట్లో అక్కసు వెతక్కండి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకాన్ని కాను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అక్కసు మీరే పడుదురుగాని.

మా చెల్లెలు మంగతాయారుకి తొలికాన్పు అక్కడే అయింది. ఆడపిల్ల. ఈ మాట ఇంత ధైర్యంగా రాస్తున్నానంటే నా షాపు ఆసుపత్రి గోడకి ఇవతల ఉంది కనకనే. సత్యవేణి అని పేరు పెట్టుకున్నాం. పిల్ల ఎదురుకాళ్ళతో పుట్టింది. తల ముందు రావాల్సింది కాళ్ళు ముందొచ్చాయి.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు ఓ తన్ను తన్నితే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు నమ్మకం. పిల్ల బొడ్డు ఊడకముందే మా అమ్మ వీధి వీధంతా చాటింపేసింది. ఎడ్లబండి నడిపే ముసలాయన దగ్గర్నుంచి బిందెలు మోసే ఆడవాళ్ళ దాకా నడుం పట్టుకుని వచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు. "ఇప్పుడే ఎలా కుదురుద్దర్రా? పిల్ల తనంతట తను నిలబడి తన్నాలి. కుడికాలే తగలాలి. మగోడి నడుంకి ఆడపిల్ల కాలు, ఆడదాని నడుంకి మగపిల్లోడి కాలు. నడక రానియ్యండి" అని అమ్మ అందరికీ వాయిదాలు ఇచ్చేసింది. ఆడవాళ్ళు ఉసూరుమని వెళ్ళిపోయారు. మగాళ్ళు మాత్రం పిల్లకి ఎప్పుడు నడకొస్తుందా అని ఎదురుచూడ్డం మొదలెట్టారు.

నడక మాట ఎత్తగానే మొహం చిట్లించినావిడ ఒక్కరే. పిల్లల ఎముకల డాక్టరు అనసూయ గారు. సత్యవేణి కాళ్ళు మడిచి, పక్కకి తిప్పి, మళ్ళీ తిప్పి చూశారు.

"ఎడమ తుంటి ఎముక కీలు గిన్నెలో సరిగ్గా కూర్చోలేదని నా అనుమానం. ఎదురుకాళ్ళు, తొలిచూలు, పైగా ఆడపిల్ల. ఇలాంటివాళ్ళలోనే ఇది ఎక్కువ."

"పుట్టుకతోనే అవిటిదాండీ?" అంది మంగతాయారు.

"అవిటీ లేదు, గివిటీ లేదు. ఇప్పుడే చూసుకుంటే ఏమీ లేదమ్మా. పసిపిల్ల కదా, ఆ ఎముక ఇంకా లేతగా ఉంది, ఎక్సురేలో కనపడదు. స్కానింగులో కనపడుతుంది. ఎంత జారిందో కొలుచుకుని కాళ్ళకి బెల్టులు కడతాను. కప్పలాగ కాళ్ళు ఎడంగా పెట్టుకుని కొన్నాళ్ళుంటుంది. కీలు దానంతట అదే కుదురుకుంటుంది. కొలవకుండా ఊరికే కట్టేస్తే ప్రమాదం. లేటు చేస్తే మాత్రం కోసి సరిచెయ్యాలి. అప్పుడు కూడా కుంటు పోతుందని నేను మాటివ్వలేను."

పక్కగది స్కానింగుది. పది అడుగులు నడిస్తే అయిపోయే పని. ఆ పది అడుగుల మధ్యలో శ్రీ పద్మనాభం గారు ఉన్నారు.

ఆయన స్కానింగు యంత్రాల మీద నిఘా అధికారి. ఆ గది తలుపు మీద ఓ బోర్డు ఉంది: "ఇచ్చట లింగ నిర్ధారణ చేయబడదు. అడుగుట నేరము. చెప్పుట నేరము." మంచి చట్టం, నేనైతే దండం పెడతాను. కడుపులో ఉన్నది ఆడపిల్లని తెలుసుకుని అక్కడే నులిమేసే పుణ్యాత్ములు మన మధ్య తిరుగుతున్నారు కాబట్టే అది పుట్టింది. ఆడపిల్లలు బతికి బట్టకట్టాలని పెట్టిన బోర్డది. కాని ఎంత మంచి రాయైనా పిచ్చోడి చేతిలో పడిందంటే ఎవరి తల పగులుతుందో చెప్పలేం.

పద్మనాభం గారు కుర్చీలోంచి లేవకుండానే సత్యవేణిని ఆపాదమస్తకం చూసి, చటుక్కున చూపు తిప్పేసుకున్నారు.

"ఈ శిశువుని ఆ యంత్రం కింద పెట్టడానికి వీలుపడదు."

"సార్, చూడాల్సింది తుంటి" అన్నారు అనసూయ గారు.

"తుంటి చూచుటకు ఏమి తొలగించవలసి ఉంటుంది?"

"లంగోటా."

"తొలగించిన మీదట ఏమి వెల్లడి అవుతుంది?"

డాక్టరు గారు పిల్లని ఆయన ముందుకి ఎత్తి చూపించారు. "సార్, పిల్ల పుట్టేసింది."

"పుట్టినట్టు నాకూ కనిపిస్తున్నది. యంత్రం అదే, గది అదే, బోర్డు అదే. నిబంధన మాత్రం ఎట్లా మారుతుంది? తల్లి గర్భంలో ఉన్నంతకాలం ప్రాణప్రదంగా కాపాడిన రహస్యాన్ని, బయటికి వచ్చిన మరుక్షణం గాలికి వదిలేయమంటారా? అది చట్టస్ఫూర్తికి గొడ్డలిపెట్టు కాదా?"

"ఆడపిల్లని ఊరందరికీ తెలుసండీ" అన్నాను నేను.

ఆయన చెవులు మూసుకున్నారు. నిజంగానే, రెండు చేతులతో. తరవాత గుమాస్తా వైపు తిరిగి "నేను విననట్టుగా రాయండి" అన్నారు.

బయట ఇంకో స్కానింగు సెంటరుకి పోవచ్చు కదా అని మీరంటారు. పోయాం. పసిపిల్లల తుంటి చూడ్డం వాళ్ళకి రాదు. వచ్చినా, జిల్లాలో ఉన్న ప్రతి యంత్రం మీదా సంతకం ఈయనదే. పెద్దూరు పోదామంటే డాక్టరు గారు చీటీ రాశారు, ఆ చీటీ మీద కూడా ఈయనే ముద్ర వెయ్యాలి. ఆయన కాదని ఎప్పుడూ అనలేదు, అదే తంటా. కాదంటే ఏ అప్పో చేసి రైలెక్కేసేవాళ్ళం. "ఒక్క చిన్న లాంఛనం మిగిలింది, రేపు రండి" అనేవారు. రేపటికి ఆ ఒక్కటీ పోయి ఇంకొకటి వచ్చి కూర్చునేది.

మొదటి లాంఛనం, తల్లి హామీపత్రం. నా షాపులోనే టైపు చేశాను కనక నాకు కంఠతా వచ్చు. "సదరు శిశువు యొక్క లింగము నాకు తెలియదనియు, తెలిసికొనుటకు ఎన్నడును యత్నించి యుండలేదనియు ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను."

"నేను కన్నానండీ దీన్ని!" అంది మంగతాయారు. "రోజూ నీళ్ళు పోస్తన్నాను. నాకు తెలీకపోడమేంటండీ?"

"తెలియడం వేరమ్మా, అధికారికంగా తెలియడం వేరు" అన్నారు పద్మనాభం గారు ఎంతో ఓర్పుగా. "నాకు కూడా చాలా విషయాలు తెలుసు. అధికారికంగా ఒక్కటీ తెలియదు. అందుకే ఇంత కాలం సర్వీసులో ఉన్నాను."

కూతురి కాలు కోసం సంతకం పెట్టింది. ఆ తరవాత దరఖాస్తులో సత్యవేణి అన్న పేరు పరోక్ష వెల్లడి కిందికి వస్తుందని గుమాస్తా దాన్ని కొట్టేశాడు. పేరు ఉండాల్సిన చోట "శిశువు" అని రాశాడు. కాళ్ళ పట్టీలు తియ్యమన్నారు. గౌను మార్చి సంచిలాంటిదేదైనా తొడగమన్నారు. చెవులు కుట్టించబోతే, సూది ఎత్తారో లేదో ఆసుపత్రి నుంచి మనిషొచ్చి ఆపాడు. పక్కింటావిడ "బుజ్జమ్మా" అని పిలిస్తే ఆవిడ చేత క్షమాపణ రాయించుకోమని మా ఇంటికి సలహా పంపారు. మా అమ్మ ఆ సలహా తెచ్చినవాణ్ణి చీపురు తిరగేసి పంపింది.

ఇలా లాంఛనాలు నడుస్తూండగా పిల్ల తొడ మీద మడతలు ఓ పక్క ఒకలా, ఓ పక్క ఒకలా పడుతున్నాయి. లంగోటా మార్చేటప్పుడు ఎడమకాలు పక్కకి రాక మొరాయించేది. మంగతాయారు రోజూ రెండు మోకాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసుకునేది, ఎడమది కొంచెం కిందికి ఉన్నట్టు కనిపిస్తే కళ్ళు తుడుచుకుని, సరిగ్గా పడుకోబెట్టలేదేమోనని మళ్ళీ పెట్టి చూసుకునేది.

అనసూయ గారు ఊరుకోలేదు పాపం. రోజూ వెళ్ళి పోట్లాడేవారు. ఆవిడ పోరు పడలేక పద్మనాభం గారు ఓ ఉపసంఘం వేశారు. ఆ సంఘంలో ఒక ఇంజినీరు, ఒక న్యాయ సలహాదారు, బట్టల గోడౌను సూపర్నెంటు ఉన్నారు. పిల్లల డాక్టరుని మాత్రం వెయ్యలేదు. విషయంతో ప్రత్యక్ష సంబంధం ఉన్నవాళ్ళు నిష్పక్షపాతంగా ఉండలేరట. ఆ ఉపసంఘం బాగా చర్చించి "గోప్య వస్త్రం" అనే దాన్ని కనిపెట్టింది. బొడ్డు నుంచి పాదాల దాకా మందపాటి కాన్వాసు తొడుగు. తుంటి దగ్గర యంత్రం ఆనించడానికి గుండ్రంగా ఓ కన్నం. టెండరు పిలిచారు, కుట్టించారు. చూడ్డానికి తలగడ గలీబులా ఉంది. కన్నం మోకాలి దగ్గరికొచ్చింది.

"కన్నం జారింది సార్" అన్నాడు ఇంజినీరు.

"కన్నం పరిమాణానికి ఆమోదం ఉన్నది కదా?"

"పరిమాణం సరిగ్గానే ఉంది సార్. స్థానమే."

"స్థానం గురించి ఫైల్లో లేదు. ప్రస్తుతానికి మోకాలు చూడండి."

అనసూయ గారికి అప్పుడు వచ్చింది కోపం. ఆవిడ అంత గట్టిగా అరవగలరని నేనెప్పుడూ అనుకోలేదు. "కళ్ళున్నాయా మీకు? పసిపిల్ల కాళ్ళు రెండూ దగ్గరికి చేర్చి, నిటారుగా బిగించి కట్టేస్తే బాగున్న తుంటి కూడా జారుతుంది! కాళ్ళు ఎడంగా పెట్టాలి. చంకనేసుకున్నట్టు ఎడంగా!"

"కాళ్ళు ఎడంగా పెట్టినచో వెల్లడి అవుతుంది" అన్నారు పద్మనాభం గారు.

పోనీ తొడుగు లేకుండా, డాక్టరు గారు కళ్ళకి గంతలు కట్టుకుని చూడొచ్చా అని న్యాయ సలహాదారు అడిగాడు. నవ్వుతున్నాడేమోనని మొహంలోకి చూశాను. నవ్వడం లేదు. దాని మీద రెండు సమావేశాలు జరిగాయి కూడా. ఇంకోసారి, పరీక్ష కాగితంలో "ఆడపిల్లలకు ఈ జబ్బు ఎక్కువ, కనుక లింగం తెలపవలెను" అన్న గడి కనపడి ఉపసంఘం బెంబేలెత్తిపోయింది. అది నింపితే నేరం, నింపకపోతే కాగితం చెల్లదు. చివరికి ఇంజినీరే దారి చూపించాడు.

"ఆడపిల్ల అనుకుని ఓసారి, మగపిల్లాడనుకుని ఓసారి లెక్కేసి, సగటు తియ్యండి సార్."

ఆ రోజు ఆయన్ని అందరూ అభినందించారు. టీలతో పాటు సమోసాలు కూడా వచ్చాయి.

ఒక్క పిల్లతో ఆగితే అది నిబంధన ఎలా అవుతుంది? కాన్పుల వార్డులో నర్సులు "శిశువు జన్మించింది" అనడం తప్ప మరో మాట అనకూడదని తాఖీదు వచ్చింది. "ఏ బిడ్డండీ?" అని ఆపరేషను బల్ల మీదనుంచి అడిగిన తల్లికి "మీరే ఇంటికెళ్ళి చూసుకోండమ్మా" అని చెప్పేవారు. ఓ తాతగారు మనవణ్ణో మనవరాలినో ఎత్తుకుని నా షాపుకొచ్చి, తలుపు దగ్గరికి వేయించి చూసుకుని, "మహాలక్ష్మండీ" అని నా చెవిలో చెప్పి, అటూ ఇటూ చూసి వెళ్ళిపోయాడు. టీకాల గదిలో గోడ మీద గులాబీ రంగు బొమ్మలకి సున్నం కొట్టేశారు. వార్డుల్లో ఎక్కడ చూసినా బూడిద రంగు సంచుల్లో శిశువులు. ఆడా మగా తేడా చూపించకూడదని ఎన్నేళ్ళుగానో అంటున్నారు కదా, ఇదిగో సాధించాం అని పద్మనాభం గారు ఓ ఉపన్యాసంలో గర్వంగా చెప్పుకున్నారు.

అనుమతి వచ్చింది. వచ్చిందండీ, రాలేదని అనకూడదు. ఆ కాగితం తీసుకుని పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి సత్యవేణి బోర్లా పడి, పాకి, గోడ పట్టుకుని లేచే ప్రయత్నంలో ఉంది.

అనసూయ గారు ఆ కాగితం చదివి బల్ల మీద పెట్టేసి నా వైపు తిరిగారు. "ఇప్పుడు స్కానింగు పనికిరాదు నూకరాజు గారూ. ఎముక గట్టిపడింది. ఇంక ఎక్సురేలోనే కనపడుతుంది."

ఎక్సురే గది తలుపు మీద ఏ బోర్డూ లేదు. అక్కడి కుర్రాడు గౌను పైకెత్తమన్నాడు, లంగోటా విప్పమన్నాడు, బల్ల మీద పడుకోబెట్టాడు, ఓ మీట నొక్కాడు. "పాప పేరేంటండి?" అని అడిగి కవరు మీద సత్యవేణి అని రాశాడు. వక్క కొరికినంతసేపట్లో అయిపోయింది. అంత తేలిగ్గా అయిపోయేసరికి మా చెల్లెలు అక్కడే, ఆ బల్ల పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఫిలిమ్ చూస్తే నాలాంటివాడికి కూడా అర్థమైపోయింది. కుడివైపు ఎముక గిన్నెలో ఉంది. ఎడమవైపుది గిన్నె వదిలేసి పైకి పోయి, దేనికీ ఆనకుండా ఉంది.

పెద్దూళ్ళో ఆపరేషను చెయ్యాలన్నారు. కోసి, కీలు లోపలికి నెట్టి, నడుం నుంచి పాదాల దాకా కట్టు వేస్తారట. వరసలో చాలామంది పిల్లలున్నారు, కబురు పెడతామన్నారు. ఎదురుచూస్తూండగా సత్యవేణికి నడకొచ్చింది, మాటలొచ్చాయి. ఎడమకాలు వేసినప్పుడల్లా ఒళ్ళంతా ఆ పక్కకి ఒరిగిపోయే నడక. వీధి చివర్న ఉన్నా ఆ నడక చూసి మా పిల్లేనని చెప్పొచ్చు. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

ఆ ఏడు మా జిల్లాకి షీల్డు వచ్చింది. మొత్తం ఏడాదిలో ఒక్క శిశువు లింగం కూడా ఎక్కడా వెల్లడి కానందుకు ప్రథమ బహుమతి. ఇత్తడి షీల్డు, దాని మీద తల్లి ఒళ్ళో నవ్వుతున్న ఆడపిల్ల బొమ్మ. ఆడపిల్లేనని ఎలా తెలిసిందంటే రెండు జడలున్నాయి. పద్మనాభం గారు ఆ షీల్డుని తలపైకి ఎత్తి ఫొటో దిగుతూండగా కలుక్కుమంది. నడుం పట్టేసింది.

సూదులు వేశారు, వేన్నీళ్ళ సంచి పెట్టారు, పట్టు వదల్లేదు. ఆయన ఆసుపత్రిలోనే ఎవరో చెప్పారట, రోడ్డు అవతల జిరాక్సు షాపువాళ్ళింట్లో ఎదురుకాళ్ళ శిశువు ఉందని. సాయంత్రం ఇద్దరు అటెండర్ల భుజాల మీద చేతులేసి, ధనుస్సులా వంగిపోయి నా షాపులోకి వచ్చారు. ఆ వంకరలో కూడా హోదా మాత్రం తగ్గలేదు.

"నూకరాజు గారూ, ఒక చిన్న లాంఛనం."

మా అమ్మ, చెల్లెలు పిల్లతో సహా అక్కడే ఉన్నారు. ఆయన్ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టాం. మొహం గోడవైపు తిప్పుకుని, మూలిగి, గొంతు తగ్గించి అడిగారు.

"మగవాడి నడుముకి ఆడపిల్ల కాలే తగలాలని అంటున్నారు. ఇంతకీ... మీ శిశువు ఆడా, మగా?"

నేను జిరాక్సు మిషను ఆపేశాను.

"తెలియదండీ" అన్నాను. "అధికారికంగా తెలియదు. అడుగుట నేరము, చెప్పుట నేరము అని మీ బోర్డే చెబుతోంది కదండీ."

"అబ్బా, అనధికారికంగానే అడుగుతున్నానయ్యా! ప్రాణం పోతోంది!"

నేనైతే అలాగే పడి ఉండమని వదిలేసేవాణ్ణి. మా చెల్లెలికి ఆ మాత్రం కసి కూడా లేదు. "ఆడపిల్లేనండీ" అంది. పిల్లని చంకలోంచి దింపి బల్ల పక్కన నిలబెట్టింది. "తాతని తన్నమ్మా. కుడికాలుతో తన్ను."

సత్యవేణికి ఇదేదో ఆటనిపించింది. మా అమ్మ ఎన్నాళ్ళుగానో నేర్పిన ఆటే. చేతులు రెండూ ఎత్తి, కుడికాలు లేపింది. బరువంతా ఎడమ తుంటి మీద పడింది. ఆ తుంటి ఆగలేదు. పిల్ల పక్కకి ఒరిగి చతికిలబడింది. లేచింది. మళ్ళీ కుడికాలు లేపింది, మళ్ళీ పడింది. ఈసారి మోచేయి కొట్టుకుంది. మంగతాయారు చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

"ఏమైంది? ఇంకా తన్నలేదేం?" అన్నారు పద్మనాభం గారు, గోడలోకి చూస్తూ.

"కుడికాలుతో తన్నాలంటే ఎడమకాలి మీద నిలబడాలి కదండీ" అన్నాను. "ఆ కాలు మీ బీరువాలో ఉంది. ఉపసంఘం ఫైల్లో."

ఆయన మొహం ఇంకాస్త గోడవైపు తిప్పుకున్నారు. సిగ్గుపడుతున్నాడేమో అనుకున్నాను. నాదే బుద్ధితక్కువ. ఆలోచిస్తున్నాడు.

"అయితే ఒక పని చేయండి. ఎడమకాలుతో తన్నించండి."

మా అమ్మ పిల్ల మోచేతికి అంటిన దుమ్ము దులుపుతోంది. తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"కుదరదు బాబూ. కుడికాలే తగలాలి. ఏం చేస్తాం, రూలు మరి."

మంగతాయారు పిల్లని ఎత్తి చంకనేసుకుంది. కాళ్ళు రెండూ నడుముకి అటూ ఇటూ ఎడంగా వేసుకుని కూర్చుంది సత్యవేణి, డాక్టరు గారు మొదటిరోజు చెప్పినట్టే. ఇప్పుడలా కూర్చున్నా లాభం లేదు. అమ్మా చెల్లీ షాపు మెట్లు దిగి ఇంటిదారి పట్టారు. బల్ల మీదనుంచి ఆయన మూలుగుతూనే ఉన్నారు, అటెండర్లు ఏం చెయ్యాలో తెలీక నా వైపు చూస్తున్నారు. పిల్ల మాత్రం తల్లి భుజం మీదనుంచి వెనక్కి వంగి, ఆట మధ్యలో ఆపేశారని ఒకటే ఏడుపు.

"దింపవే అమ్మా, నేను తంతాను. ఈసారి పడను."